అర్జీ మేనమామ పేరు మీద, పెంపకం అత్త చేతుల మీద

ప్రశ్న:

అక్కా, మాది హిందూపురం దగ్గర పల్లె. పన్నెండేళ్లుగా బెంగళూరులో కె.ఆర్.పురం వైపు ఉంటున్నాం. మా ఆయన క్యాబ్ నడుపుతాడు, నేను ఇంట్లోనే బ్లౌజులు కుడతాను. ఇద్దరికీ కలిపి నెలకు 30 వేల దాకా వస్తుంది. 13 ఏళ్ల కొడుకున్నాడు. మా ఆడపడుచు ఏడాదిన్నర కింద జబ్బు చేసి చనిపోయింది. ఆమె భర్త ఇక్కడే బెంగళూరులో సెంట్రింగ్ పని చేస్తాడు. ఆమె పోయాక అతని తాగుడు ఎక్కువైంది. వాళ్ల పాపకు తొమ్మిదేళ్లు. రెండు నెలల కింద ఒక రాత్రి పాపను గదిలో పెట్టి బయట తాళం వేసి పోయాడట. తెల్లారినా రాలేదు. పక్కింటివాళ్లు పిల్లల హెల్ప్‌లైన్ 1098కి ఫోన్ చేశారు. ఇప్పుడు పాప ప్రభుత్వ బాలమందిరలో ఉంది. మా ఇంటికి పంపమని అడిగితే బాలల సంక్షేమ కమిటీ ఆర్డర్ ఉండాలన్నారు. ఒకాయన ఫాస్టర్ కేర్‌కు అర్జీ పెట్టుకోండి అన్నాడు. ఇంకొకరు బంధువులకు ఫాస్టర్ కేర్ ఇవ్వరు అన్నారు. తెలిసినవాళ్ల ద్వారా ఒక మనిషి వచ్చి, 30 వేలు ఇస్తే వారంలో తెప్పిస్తానంటున్నాడు. మా ఆయనేమో "మా చెల్లెలి బిడ్డను మాకివ్వడానికి వీళ్లెవరు" అని కోపంతో ఊగిపోతున్నాడు. మా అత్త పాపను ఊరికి తెచ్చేయమంటోంది.

ఇంకో మాట ఇంతవరకు ఎవరికీ చెప్పలేదు. పాప రావాలనే ఉంది, కానీ భయంగా ఉంది. సింగిల్ బెడ్‌రూమ్ ఇల్లు. ఏదో ఒక రోజు కోపంలో నోరు జారి, పరాయి బిడ్డ అనే మాట అనేస్తానేమో అని. ఏం చేయమంటారు?

— ఒక అత్త, బెంగళూరు

సమాధానం:

చెల్లెమ్మా, పాప పేరు, స్కూలు పేరు, మీరుండే వీధి మీ ఉత్తరంలోంచి తీసేశాను. ఇలాంటి పిల్లలు ఎవరో బయటికి తెలిసేలా రాయకూడదని బాల న్యాయ చట్టం 74వ సెక్షన్ చెబుతుంది. మీ బంధువుల వాట్సాప్ గ్రూపులో ఎవరైనా పాప ఫోటో పెట్టి సాయం అడిగి ఉంటే, ఈ రోజే తీయించండి.

మీరు చివర రాసిన భయం దగ్గరే మొదలుపెడతాను. మిగతావన్నీ కాగితాలు, తిరుగుళ్లు. ఓపిక పడితే అవుతాయి. ఈ భయం సంగతి మాత్రం కమిటీ ముందుకు వెళ్లకముందే ఇంట్లో తేలాలి.

అర్జీ మీ ఆయన పేరు మీద వెళ్తుంది. రక్తసంబంధం ఆయనది. కానీ క్యాబ్ నడిపే మనిషి తెల్లవారుజామున పోతే రాత్రికి గానీ రాడు. పాపకు జడ వేసేది మీరు. బాక్సు కట్టేది, పేరెంట్స్ మీటింగుకు వెళ్లేది, జ్వరం వస్తే పక్కన కూర్చునేది, ఇంకో మూడు నాలుగేళ్లకు పెద్దమనిషైతే అమ్మ లేని పిల్లకు అన్నీ చెప్పాల్సింది మీరు. మీ ఆయన కోపంగా ఉన్నాడు, మీ అత్త బాధగా ఉంది. ఆ కోపమూ ఆ బాధా న్యాయమైనవే. అయినా వాటి తోపుడుకు మీరు సరే అనకండి. సరే అనాల్సింది మీరు, మీ అంతట మీరు.

నోరు జారతానేమో అన్నారు. జారతారు. నేనూ జారాను. మా అక్క పోయాక ఆమె కొడుకు ఏడేళ్లప్పుడు మా ఇంటికి వచ్చాడు. ఒకసారి అన్నం మీద కోపం చూపించి కంచం తోసేశాడు. "మీ అమ్మ ఇదేనా నేర్పింది" అనేశాను. వాడు ఏడవలేదు. ఆ రాత్రి తినకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. పొద్దున లేచాక నేనే వాడి పక్కన కూర్చుని, "ఆ మాట అనకూడదు, తప్పు నాది, మీ అమ్మ చాలా మంచిగా పెంచింది" అన్నాను. పిల్లలు పెద్దవాళ్ల తప్పును మన్నిస్తారు. కాకపోతే ఆ తప్పును మనం ఒప్పుకున్నట్టు వాళ్ల చెవిన పడాలి. మర్చిపోయారులే అనుకుని వదిలేస్తే మాత్రం మర్చిపోరు.

ఇంకొకటి కూడా చెప్పాలి. వాడు వచ్చాక ఆరు నెలల పాటు బట్టలు బీరువాలో పెట్టనివ్వలేదు. వచ్చిన సంచిలోనే మడిచి పెట్టుకుని, దాన్ని తల దగ్గర పెట్టుకుని పడుకునేవాడు. ఇంట్లో అందరూ "ఇంత ప్రేమగా చూసుకుంటున్నా నమ్మకం లేదే" అని నొచ్చుకున్నారు. నాకూ లోపల కొంచెం నొప్పిగానే ఉండేది. వాడికి అప్పటికి రెండిళ్లు మారాయి, రెండుసార్లూ ఎవరూ ముందు చెప్పలేదు. సంచి సిద్ధంగా ఉంచుకోవడం వాడికి తెలిసిన జాగ్రత్త. మీ ఇంటికి వచ్చే పాప గదిలో బయట తాళంతో ఒక రాత్రంతా గడిపింది. ఆ తర్వాత పోలీసులు, కమిటీ, కొత్త చోటు, కొత్త పిల్లలు. ఆమె వచ్చిన మొదటి వారం నవ్వుతూ ఆడుకుంటే సంతోషమే. రెండో నెలలో పక్క తడిపినా, తలుపు వేస్తే కేకలు పెట్టినా, మీ మాట వినకపోయినా అది మీ మీద కోపం అనుకోవద్దు. ముఖ్యంగా తలుపులు. మీ ఇంట్లో ఆమె ఉన్న గదికి బయట గడియ పెట్టే అలవాటు ఎవరికీ ఉండకూడదు, ఆటకైనా.

ఇదంతా చదివాక మీ ఆయనతో ఒక రాత్రి తీరిగ్గా కూర్చోండి. వారంలో ఒక పూట ఆయన ఇంట్లో ఉండి పాపతో గడుపుతాడా? పాపను మందలించే హక్కు మీకుంటుందా, లేక మందలించిన ప్రతిసారీ "తల్లి లేని పిల్ల" అని మీ నోరు మూయిస్తారా? మీ అత్త ఫోన్‌లో పాపను పిలిచి "మీ అత్త బాగా చూసుకుంటోందా" అని కూపీ లాగితే ఆయన ఆపుతాడా? వీటికి ఆయన సరైన జవాబు ఇవ్వకపోతే, ఇచ్చేదాకా ఆగండి. అన్నీ మాట్లాడుకున్నాక కూడా మీ మనసు ఒప్పుకోకపోతే, చేయలేను అని చెప్పడం తప్పు కాదు. ఒప్పుకోని మనసుతో తెచ్చి ఏడాదికి తిరిగి పంపిస్తే పాప మీద పడే దెబ్బ ముందు, ఇప్పుడే నిజం చెప్పి నెలనెలా చూడటానికి వెళ్లే అత్తగా ఉండటం మేలు.

మీరు సరే అనుకున్నారనే అనుకుని మిగతాది రాస్తాను.

మీ ఆయన అడిగిన ప్రశ్నకు జవాబు ఉంది. వీళ్లెవరంటే, బాల న్యాయ చట్టం 2015 కింద జిల్లాకు ఏర్పాటైన బాలల సంక్షేమ కమిటీ. అందరూ సీడబ్ల్యూసీ అంటారు. ఒక చైర్‌పర్సన్, నలుగురు సభ్యులు ఉంటారు. ఫస్ట్ క్లాస్ మేజిస్ట్రేట్‌కు ఉండే అధికారాలు వాళ్లకు ఉంటాయి. ఆపదలో దొరికిన బిడ్డను 24 గంటల్లోపు వాళ్ల ముందుకు తీసుకురావాలి, ఆ తర్వాత బిడ్డ ఎక్కడ ఉండాలో నిర్ణయించేది వాళ్లే. బాలమందిర సిబ్బంది మీకు పాపను ఇవ్వకపోవడం అందుకే, వాళ్లకు ఆ అధికారం లేదు. వాళ్ల మీద అరిస్తే ఆ అరుపు రిపోర్టులోకి ఎక్కుతుంది తప్ప పాప రాదు. మొదటిసారి పాపను ముందుకు తెచ్చిన రోజు నుంచి నాలుగు నెలల్లో విచారణ ముగించి ఆఖరి ఆర్డర్ ఇవ్వాలని చట్టం చెబుతుంది. మీకు రెండు నెలలే అయ్యాయి, చేయి దాటిపోయిందేమీ లేదు. ఆఖరి ఆర్డర్ రోజు కనీసం ముగ్గురు సభ్యులు ఉండాలి. ముగ్గురు లేక వాయిదా పడితే మీ మీద కక్ష అనుకోకండి.

అదే చట్టం 3వ సెక్షన్‌లో ఇంకో మాట ఉంది. పిల్లల్ని సంస్థలో ఉంచడం అన్ని దారులూ మూసుకుపోయాక చేయాల్సిన పని అని. అంటే కమిటీకి కూడా పాప మంచి ఇంట్లో ఉండాలనే ఉండాలి. వాళ్లు మీకు ఎదురు పక్షం కాదు. ఈ ముక్క మీ ఆయనకు చదివి వినిపించండి.

కానీ వాళ్లు మిమ్మల్ని ఒక ప్రశ్న అడుగుతారు, దానికి సిద్ధంగా వెళ్లండి. "తల్లి పోయి ఏడాదిన్నర అయింది. తండ్రి తాగుతున్నాడని తెలుసు. ఇన్నాళ్లూ మీరు ఎక్కడున్నారు?" నేను చాలా కుటుంబాలతో ఇలాంటి కమిటీల దగ్గర కూర్చున్నాను. ఈ ప్రశ్న దగ్గరే మేనమామలు, బాబాయిలు తడబడతారు, లేదా రెచ్చిపోతారు. మీ దగ్గర ఉన్న నిజమే చెప్పండి. పండగలకు తప్ప వెళ్లలేదా, అదే చెప్పండి. వెళ్తే అతను గొడవ పెట్టుకునేవాడా, ఏ రోజు ఏం జరిగిందో చెప్పండి. తెలిసి కూడా మనకెందుకులే అని ఊరుకున్నారా, అది కూడా చెప్పి, ఇప్పుడు ఏం మారిందో చెప్పండి. కథ అల్లితే పాప చెప్పేదానికీ మీరు చెప్పేదానికీ పొసగదు. పాపను వాళ్లు విడిగా అడుగుతారు.

ఇక ఫాస్టర్ కేర్ గొడవ. మీకు చెప్పిన ఇద్దరిలో రెండో మనిషి చెప్పిందే నిజానికి దగ్గర. చట్టంలో ఫాస్టర్ కేర్ అంటే పిల్లను సొంత కుటుంబం కాని వేరే కుటుంబంలో, కమిటీ చూసి ఎంచుకున్న ఇంట్లో కొంతకాలం పెట్టడం. పిల్లల సంరక్షణకు కేంద్ర ప్రభుత్వం పెట్టిన మిషన్ వాత్సల్య పథకం కూడా దాన్ని రక్తసంబంధం లేని కుటుంబాలకే అనుకుంది. మీరు మేనమామ కుటుంబం. మీకు ఆ తలుపు సరిపోదు, కానీ అదే ఇంటికి వేరే తలుపులున్నాయి. 37వ సెక్షన్ కింద కమిటీ పిల్లను తల్లిదండ్రులకు గానీ, గార్డియన్‌కు గానీ, కుటుంబానికి గానీ తిరిగి అప్పగించవచ్చు, పైన ఒక అధికారి పర్యవేక్షణ పెట్టి లేదా పెట్టకుండా. అలా కాదంటే మిమ్మల్ని "ఫిట్ పర్సన్" అంటే ఆ బాధ్యతకు తగిన వ్యక్తిగా విచారణ చేసి గుర్తించి, కొంతకాలానికో దీర్ఘకాలానికో పాపను మీ దగ్గర ఉంచవచ్చు. కాబట్టి అర్జీలో "ఫాస్టర్ కేర్ ఇవ్వండి" అని రాయకండి. "పాప మేనమామ, అత్త అయిన మాకు కుటుంబంగా అప్పగించండి, లేదా ఫిట్ పర్సన్‌గా గుర్తించి మా సంరక్షణలో ఉంచండి" అని రాయండి. ఈ ఒక్క వాక్యం తప్పు రాసినందుకు నెలల తరబడి తిరిగినవాళ్లను చూశాను.

అర్జీ కన్నడలో గానీ ఇంగ్లీషులో గానీ రాయించండి. ఒక కాగితం, రెండు పేజీలకు మించకుండా. లాయర్ తప్పనిసరి కాదు. కావాలంటే జిల్లా న్యాయ సేవల సంస్థ ఉచితంగా ఇస్తుంది. ఆడవాళ్లకు, పిల్లలకు ఆదాయంతో పని లేకుండా ఈ హక్కు ఉంది, 15100కి ఫోన్ చేయవచ్చు. అర్జీతో మీ ఇద్దరి ఆధార్, అద్దె అగ్రిమెంట్, ఆదాయానికి రుజువు, మీ ఆడపడుచు డెత్ సర్టిఫికెట్, పాప బర్త్ సర్టిఫికెట్ దొరికితే అది జత చేయండి. అన్నిటికంటే ముఖ్యం అన్నాచెల్లెళ్ల సంబంధం చూపించే కాగితం. ఇద్దరి స్కూల్ సర్టిఫికెట్లలో తండ్రి పేరు ఒకటే ఉంటే బాగా పనికొస్తుంది. ఊళ్లో రెవెన్యూ వాళ్ల దగ్గర ఫ్యామిలీ మెంబర్ సర్టిఫికెట్ తీసుకోండి, ఆ పని మీ అత్తకు అప్పజెప్పండి. ఆమెకూ చేతిలో ఒక పని ఉన్నట్టుంటుంది. పాప పుట్టువెంట్రుకలు మీ ఆయన ఒళ్లో తీసిన ఫోటో ఉందా? ఉంటే పెట్టండి. మేనమామ ఒళ్లో కూర్చున్న ఆ ఫోటో ఒకోసారి నాలుగు కాగితాలు చెప్పలేనిది చెబుతుంది. అర్జీ ఇచ్చాక మీ కాపీ మీద సీలు, తేదీ వేయించుకోవడం మర్చిపోకండి.

తర్వాత ఎవరో ఒకరు మీ ఇల్లు చూడటానికి వస్తారు. జిల్లా బాలల రక్షణ యూనిట్ నుంచి కావచ్చు, కమిటీ పంపిన సోషల్ వర్కర్ కావచ్చు. ఇల్లు చిన్నదని సిగ్గుపడకండి. బెంగళూరులో అద్దెలు వాళ్లకూ తెలుసు. వాళ్లు చూసేది పాప ఎక్కడ పడుకుంటుంది, బాత్రూమ్‌కు లోపల గడియ ఉందా, ఇంట్లో తాగేవాళ్లున్నారా, వచ్చిపోయే మగవాళ్లెవరు అన్నది. మీ కొడుక్కి 13, పాపకు తొమ్మిది. ఇద్దర్నీ ఒకే గదిలో పడుకోబెడతామంటే వాళ్లు ఒప్పుకోరు, ఒప్పుకోకూడదు కూడా. పాప మీతో లోపల, అబ్బాయి వాళ్ల నాన్నతో హాల్లో అని ఇప్పుడే మార్చేసుకోండి. వాళ్లు వచ్చాక మాట వరసకు చెప్పడం కాదు, ఆ వేళకు అలవాటై ఉండాలి. మీ కొడుకును కూడా అడుగుతారు. వాడికి ముందే అంతా చెప్పండి. గదిలో వాడి భాగం తగ్గుతుంది, అమ్మ సమయం తగ్గుతుంది. వాడు విసుక్కుంటే కసరకండి, ఆ విసుగులో న్యాయం ఉంది.

ఇక్కడ ఒక సంగతి నిర్మొహమాటంగా చెప్పాలి. మన ఇళ్లలో మేనత్త కూతురు, మేనమామ కొడుకు అనగానే "మా కోడలు వచ్చిందే", "ఏరా, నీ పెళ్లాం" అని ఆటపట్టిస్తారు. రాయలసీమలో ఎక్కువ, ఇక్కడ బెంగళూరులో కూడా తక్కువేం కాదు. మేనరికం చేసుకున్న ఇళ్లు మీ చుట్టూ ఉండే ఉంటాయి. ఆ మాట మీ ఇంట్లో ఇక వినపడకూడదు. తొమ్మిదేళ్ల పిల్లకు అది పరాచికం కాదు. ఈ ఇంట్లో నన్ను ఉంచుకున్నది ఇందుకా అనే అనుమానం. పోవడానికి వేరే ఇల్లు లేని పిల్ల ఆ అనుమానం ఎవరికీ చెప్పుకోలేదు. మీ కొడుకు మనసులోనూ లేనిపోనిది నాటుతుంది. కమిటీలో ఎవరైనా ఈ విషయం నేరుగా అడిగితే కోపం తెచ్చుకోకండి, అడగాల్సిన ప్రశ్నే అది. మా ఇంట్లో వాళ్లిద్దరూ అన్నాచెల్లెళ్లలా పెరుగుతారు అని చెప్పి, ఇంటికి వచ్చి మీ అత్తకు, మీ తోటికోడళ్లకు కూడా అదే మాట చెప్పండి. ఒక్కసారి ఎవరైనా ఆటపట్టిస్తే, పాప ముందే వాళ్లను ఆపండి. పాప చూడాలి మీరు ఆపడం.

పాప ఏం చెప్పాలో నేర్పించకండి. "మేడమ్ అడిగితే అత్త దగ్గరికే వెళ్తానని చెప్పు" అని ఫోన్‌లో చెప్పించడం చాలామంది చేసే పొరపాటు. అలా బట్టీపట్టిన మాటలు ఎదుటివాళ్లకు ఇట్టే తెలిసిపోతాయి. పైగా పాపకు నిజంగా నాన్న దగ్గరికే వెళ్లాలని ఉండవచ్చు. తాళం వేసి పోయిన నాన్న అయినా ఆమెకు ఉన్నది ఆ ఒక్క నాన్నే కదా.

ఆయన గురించి మీ ఉత్తరంలో రెండే వాక్యాలు రాశారు. కానీ ఈ కథలో ఆయన పోలేదు, ఎక్కడికీ పోడు. కమిటీ ఆయన్ను పిలిచి మాట్లాడుతుంది. పాప మీ దగ్గరికి వచ్చినా ఆయన తండ్రిగానే ఉంటాడు. బాగుపడి రేపు పాపను ఇమ్మని అడగవచ్చు, కమిటీ ఆలోచించవచ్చు కూడా. దీనికి మీ ఆయన సిద్ధమా? భార్య పోయిన మగవాడు తాగుడులో మునిగిపోవడం మనం చూస్తూనే ఉంటాం. ఆయన చేసింది క్షమించమని అనను. కానీ ఆయన ఒప్పుకుని ఒక మాట రాసిస్తే మీ పని చాలా తేలికవుతుంది. మీ ఆయన ఒక్కసారి గొడవ పెట్టుకోకుండా వెళ్లి, "పాపను నీకు దూరం చేయడానికి కాదు, నువ్వు కోలుకునే దాకా మా దగ్గర ఉంచుకుంటాం" అని చెప్పగలడా? హోసూర్ రోడ్డులో నిమ్హాన్స్‌లో తాగుడు మాన్పించే వైద్యానికి ప్రత్యేక విభాగమే ఉంది. తీసుకెళ్లడానికి ఒకరు తోడుంటే వెళ్లేవాళ్లు చాలామంది. పాప ముందు మాత్రం ఆయన్ను తాగుబోతు అని ఎవరూ అనొద్దు.

మీ అత్త కోరిక సంగతి. ఆమె పెద్ద మనిషి, కూతురు పోయిన దుఃఖం ఇంకా పచ్చిగా ఉంది. పాపను ఊరికి పంపడం కూడా కుదరని పనేమీ కాదు. అప్పుడు కేసు ఆ జిల్లా కమిటీతో మాట్లాడి అక్కడికి మార్చాలి, అక్కడ మళ్లీ విచారణ జరగాలి. నా అభిప్రాయం అడిగితే, పాప ఇప్పటిదాకా బెంగళూరులో చదువుకుంది, కన్నడ చదవడం రాయడం వచ్చింది. తల్లి పోయింది, ఇల్లు పోయింది. స్కూలైనా మిగలనివ్వండి. పాత స్కూలు దూరమైతే మీ దగ్గర ప్రభుత్వ స్కూల్లో చేర్చండి. టీసీ రాలేదనో పుట్టిన తేదీ కాగితం లేదనో చేర్చుకోకుండా ఉండటానికి విద్యాహక్కు చట్టం ఒప్పుకోదు. అవ్వ దగ్గరికి సెలవుల్లో వెళ్తుంది.

డబ్బు విషయంలో ఆశ పెట్టుకోకండి. మిషన్ వాత్సల్యలో స్పాన్సర్‌షిప్ అని ఉంది, బంధువుల దగ్గర పెరిగే పిల్లలకు నెలకు 4,000 రూపాయలు. కానీ పట్టణాల్లో కుటుంబ ఆదాయం ఏడాదికి 96,000 దాటకూడదు. మీ 30 వేలకు అది కుదరదనే అనుకోండి. ఆదాయం తక్కువ చేసి చూపించమని ఎవరైనా సలహా ఇస్తే వినకండి, అదే కాగితం రేపు మీకు పెంచే స్తోమత లేదని చెప్పడానికి పనికొస్తుంది. తండ్రికి భవన నిర్మాణ కార్మికుల లేబర్ కార్డు ఉందేమో కనుక్కోండి. ఉంటే ఆ బోర్డు నుంచి పిల్లల చదువుకు సాయం అడగవచ్చు.

ఆ 30 వేల మనిషికి దండం పెట్టి పంపేయండి. కమిటీకి ఫీజు లేదు. పిల్లల్ని డబ్బుకు చేతులు మార్చడం 81వ సెక్షన్ కింద ఐదేళ్ల దాకా జైలు పడే నేరం. మీరు ప్రేమతోనే ఇచ్చినా, అది బయటపడితే పాప మీకు ఎప్పటికీ రాకపోవచ్చు. దత్తత గురించి కూడా ఇప్పుడు మాట్లాడకండి. మేనమామ చట్టం ప్రకారం బంధువే, ఆ దారి ఉంది. కానీ తండ్రి బతికి ఉండగా అది ఇప్పటి మాట కాదు.

కమిటీ కాదంటే? కారణం రాతపూర్వకంగా అడగండి. ఆర్డర్ వచ్చిన 30 రోజుల్లోపు చిల్డ్రన్స్ కోర్టుకు అప్పీల్ చేయవచ్చు. ఆర్డర్ కాకుండా కమిటీ పనితీరు మీదే ఫిర్యాదు ఉంటే దాన్ని వినేది జిల్లా డిప్యూటీ కమిషనర్, అంటే మన వైపు కలెక్టర్. ఔనంటే, ఆర్డర్ సర్టిఫైడ్ కాపీలు రెండు తీసుకోండి. స్కూల్లో, ఆసుపత్రిలో, ఆధార్ సెంటర్లో, ఎవరు మీరు అని అడిగిన ప్రతిచోటా ఆ కాగితమే మాట్లాడుతుంది. ఇంటికి వచ్చాక కూడా అధికారులు అప్పుడప్పుడు చూడటానికి వస్తారు. వచ్చినప్పుడు పాపతో ఒంటరిగా మాట్లాడనివ్వండి.

ఇవన్నీ జరిగేలోగా మీరు చేయాల్సిన పని ఒకటుంది. పాపను చూడటానికి వెళ్లండి. కమిటీని అడిగి అనుమతి తీసుకుని, వాళ్లు చెప్పిన రోజు, చెప్పిన సమయానికి వెళ్లండి. ఒక వారం వెళ్లి మూడు వారాలు మానేయకండి. నెలకు రెండుసార్లే కుదురుతుందంటే రెండుసార్లే అని పాపకు చెప్పి, ఆ రెండుసార్లు తప్పకుండా వెళ్లండి. ఇంట్లో పెళ్లి లాంటి సందర్భం ఉంటే కమిటీ అనుమతితో కొద్ది రోజులు, ఒకసారికి మామూలుగా ఏడు రోజులు మించకుండా, బయటికి పంపే వీలు చట్టంలో ఉంది. అలా వస్తే చెప్పిన రోజుకు తిరిగి దింపండి. తిరిగి పంపడానికి మీ ఆయన చేతులు రాకపోవచ్చు. అయినా దింపాలి.

"వచ్చే వారం తీసుకెళ్తాం" అని మాత్రం చెప్పకండి. "అడుగుతున్నాం, వాళ్లు ఆలోచిస్తున్నారు, ఏం చెప్పినా ముందు నీకే చెప్తాం" అనండి. స్వీట్లు, బొమ్మలు ఎక్కువ పట్టుకెళ్లొద్దు, అక్కడ మిగతా పిల్లలు చూస్తుంటారు. వాళ్లమ్మ ఫోటో పాప దగ్గర ఉందో లేదో అడగండి. ఆ రాత్రి గదిలోంచి వచ్చేటప్పుడు ఏం తెచ్చుకోగలిగిందో ఏమో. మీ పెళ్లి ఆల్బమ్‌లో మీ ఆడపడుచు నవ్వుతున్న ఫోటో ఒకటి వెతికి, చిన్నది ప్రింటు తీయించి, ఈసారి వెళ్లేటప్పుడు పట్టుకెళ్లండి.